నిద్ర పోగొట్టిన ఫోనే నిద్ర తెస్తుందా?

జుమా ప్రసంగాలలో ఇమాము సాహెబులు తరచూ చేసే ఫిర్యాదు ఒకటుంది. ఫజ్ర్ నమాజుకు యువకులు రావడం లేదు, మొదటి వరుస నిండా నెరిసిన గడ్డాలే కనిపిస్తున్నాయి అని. ఫిర్యాదు నిజమే. రాజమండ్రిలోనైనా, భీమవరంలోనైనా, అమలాపురంలోనైనా పరిస్థితి ఇంతే. అయితే ఆ కుర్రవాడు రాత్రి ఎన్ని గంటలకు నిద్రపోయాడని అడిగే ఇమాము గానీ, తండ్రి గానీ, ఉపాధ్యాయుడు గానీ అరుదు. రెండు గంటలకు కన్ను మూతపడినవాణ్ణి ఐదు గంటలకు లేపి, లేవకపోతే బద్ధకస్తుడనీ ఈమాను బలహీనమనీ నిందించడం తేలిక. వాడికి నిద్ర ఎందుకు పట్టడం లేదో తెలుసుకోవడానికి మాత్రం ఓపిక కావాలి.

నిద్రపోనివాడు వేరు, నిద్రపట్టనివాడు వేరు. పడుకునే వీలుండి కూడా వారానికి మూడు రాత్రులు, అలా మూడు నెలల పాటు నిద్ర పట్టకపోయినా, నడిరేయి మెలకువ వచ్చి తిరిగి పట్టకపోయినా, దానివల్ల పగటి పనులు చెడిపోతుంటే వైద్యులు దానిని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. మన ఉర్దూలో బేఖ్వాబీ. ఇది బద్ధకం కాదు, జబ్బు. పైగా ఒంటరిగా వచ్చే జబ్బు కాదు. దిగులు, భయం, ఆందోళన దీని వెంట వస్తాయి. కొన్నిసార్లు ఇదే ముందు వచ్చి వాటిని పిలుచుకొస్తుంది. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. ఆ వయసులో ఒంట్లోని గడియారం సహజంగానే కాస్త ఆలస్యంగా నడుస్తుందని కూడా వారే చెబుతారు. పదహారేళ్ల పిల్లవాడికి తొమ్మిదింటికే నిద్ర రాకపోతే అందులో వాడి తప్పు కొంతే.

మన గోదావరి డెల్టాలో ఈ జబ్బుకు మనవైన కారణాలు కొన్ని ఉన్నాయి. కోనసీమ నుంచీ, నరసాపురం వైపు నుంచీ గల్ఫు దేశాలకు వెళ్లినవారు లేని వీధి మన ముహల్లాలలో దొరకదు. తండ్రి డ్రైవరుగా వెళ్లిన ఇళ్లున్నాయి, తల్లి ఇంటిపనికి వెళ్లిన ఇళ్లూ ఉన్నాయి. కువైట్ గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు వెనుక. ఆ తల్లి యజమాని ఇంటి వంటగది కడిగి, గిన్నెలు సర్ది, తన గదిలోకి వచ్చి ఫోను అందుకునేసరికి అక్కడ రాత్రి 10 అయితే ఇక్కడ 12.30. ఆ అరగంట మాటలే ఆ పిల్లకు తల్లి ఒడి. దానిని తప్పని ఏ నోటితో అంటాము? కానీ ఫోను పెట్టేసిన తరువాత నిద్ర రాదు. అమ్మీ గొంతు బొంగురుపోయిందేమిటి, అప్పు ఇంకా ఎంత మిగిలింది, అబ్బా వీసా సంగతి ఏమైంది అని మనసు తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుడును ఆపుకోవడానికి మళ్లీ అదే ఫోను తెరుస్తుంది. రెండు గంటలవుతుంది.

రెండవ కారణం ఇంటర్మీడియెట్. పదవ తరగతి కాగానే పిల్లల్ని రాజమండ్రి, విజయవాడ, విశాఖ హాస్టళ్లలో చేర్చడం మన పేద మధ్యతరగతి కుటుంబాలకు కూడా ఆనవాయితీ అయింది. అక్కడ తెల్లవారుజామున లేవాలి, రాత్రి పొద్దుపోయేదాకా చదవాలి, వారం వారం ర్యాంకు గోడ మీద చూసుకోవాలి. మూడవది రొయ్యల చెరువు. నీటిలోని ప్రాణవాయువు తెల్లవారే ముందు బాగా పడిపోతుంది గనుక భీమవరం ప్రాంతంలో ఏరియేటర్లకు రాత్రంతా కాపలా ఉండాలి. అక్కడ పనిచేసే కుర్రవాళ్ల రాత్రి పగలు తారుమారవుతాయి. వారిది వేరే సమస్య. ఇక్కడ మేము చెప్పబోయే పద్ధతి పగలు మేలుకుని రాత్రి పడుకునేవారి కోసం తయారైంది. వారు నేరుగా వైద్యుణ్ణే అడగాలి.

నిద్ర పట్టకపోతే మనవాళ్లు మొదట వెళ్లేది మందుల షాపుకు. ఆల్ప్రజోలాం వంటి మాత్రలు డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని చట్టం. 2014 నుంచి వాటిని మరింత కట్టుదిట్టమైన హెచ్1 జాబితాలో చేర్చారు కూడా. అయినా తెలిసిన షాపతను ఇస్తాడు, తెలిసిన పక్కింటామె తన మాత్రలో సగం విరిచి ఇస్తుంది. అలవాటు పడితే మానడం ఎంత కష్టమో మానబోయినవారికే తెలుసు.

మాత్ర కంటే ముందు ఇవ్వవలసిన చికిత్స ఒకటుంది. ఆలోచననూ అలవాటునూ కలిపి సరిదిద్దే చికిత్స ఇది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. అందులోని ముఖ్యమైన రెండు పద్ధతులు కొత్తవేమీ కావు. ఒకటి 1972లో రిచర్డ్ బూట్జిన్ చెప్పింది, రెండవది 1987లో ఆర్థర్ స్పీల్‌మన్, ఆయన సహచరులు చెప్పింది. ఇద్దరూ అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు. దీర్ఘకాలిక నిద్రలేమి ఉన్న పెద్దలకు మొదట ఈ చికిత్సే ఇవ్వాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ స్పష్టంగా చెప్పింది. చిక్కల్లా, నేర్పేవారు తక్కువ. అందుకే దీనిని కంప్యూటరులోకీ, ఆ తరువాత ఫోనులోకీ పాఠాలుగా ఎక్కించారు. డిజిటల్ థెరపీ అని ఇప్పుడు పత్రికలలో వింటున్నది దీని గురించే.

పనిచేస్తుందా? పనిచేస్తుంది. ఆక్స్‌ఫర్డుకు చెందిన డేనియల్ ఫ్రీమన్ బృందం బ్రిటన్‌లోని 26 విశ్వవిద్యాలయాలకు చెందిన 3,755 మంది నిద్రపట్టని విద్యార్థులతో ఒక పెద్ద పరీక్ష చేసి 2017లో ఫలితాలు ప్రకటించింది. సగం మందికి స్లీపియో అనే ఆరు పాఠాల కార్యక్రమం ఇచ్చారు. వారికి నిద్ర మెరుగుపడింది. అంతేకాదు, ఎవరో తమకు కీడు తలపెడుతున్నారన్న అనుమానాలు, లేనివి వినిపించడం, కనిపించడం కూడా తగ్గాయి. నిద్ర బాగుపడితే మనసు కొంత బాగుపడుతుందన్నమాట. మాత్రల బదులు వాడుకోవచ్చని ఆ దేశపు వైద్య ప్రమాణాల సంస్థ 2022లో దానిని సిఫారసు చేసింది.

అయితే ఆ పరీక్షలోనే ఇంకొక సంగతి ఉంది. పాఠాలు అందుకున్నవారిలో ఆరింటినీ చివరిదాకా పూర్తి చేసినవారు ఐదుగురిలో ఒకరికి మించలేదు. చదువుకున్నవారు, ఒక పరిశోధనకు తామై ముందుకు వచ్చినవారి సంగతి ఇది! మా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాము. ఫోనులోని చికిత్స కాపీ పుస్తకం వంటిది. గీతలు గీసి ఇస్తుంది, అక్షరాలు దిద్దవలసింది పిల్లవాడు, పక్కన కూర్చుని దిద్దించవలసింది ఇంటివారు. ఇల్లు తన రాత్రిని మార్చుకోకుండా పిల్ల చేతిలో ఒక ఆప్ పెట్టి బాగుపడమంటే బాగుపడదు.

ఆ పాఠాలలో ఏముంటుందో తెలిస్తే ఈ మాట ఎందుకన్నామో అర్థమవుతుంది. మొదట ఒకటి రెండు వారాలు నిద్ర లెక్క రాయాలి. ఎప్పుడు పక్క ఎక్కారు, సుమారుగా ఎప్పుడు నిద్ర పట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎప్పుడు లేచారు. ఒక అమ్మాయి రాత్రి 10కి పడుకుని ఉదయం 7కి లేస్తోందనుకుందాం. పక్క మీద 9 గంటలు, నిద్ర మాత్రం 6 గంటలు. అంటే నూటికి 67 వంతులు. మిగతా మూడు గంటలు దొర్లడం, బాధపడడం, గడియారం చూడడం. అప్పుడు చికిత్స ఏమంటుందంటే, నీకు వచ్చేది ఆరు గంటల నిద్రే గనుక పక్క మీద కూడా ఆరు గంటలే ఉండు, 11కి పడుకో, 5కి లే, నిద్ర పట్టినా పట్టకపోయినా లేచే వేళ మార్చకు. మొదటి వారం ఒళ్లు విరిగినట్టుంటుంది. క్రమంగా ఆకలి పెరిగినట్టు నిద్ర పెరుగుతుంది. పక్క మీద గడిపిన కాలంలో నూటికి 85, 90 వంతులు నిద్రే అయినప్పుడు మరో పావుగంట కలుపుతారు. అలా వారానికొక మెట్టు.

ఇది ఉపవాసం వంటి చికిత్స. అందరికీ పనికిరాదు. మూర్ఛ ఉన్నవారు, ఒకప్పుడు విపరీతమైన ఉత్సాహం మరొకప్పుడు విపరీతమైన కుంగుబాటు కలిగే జబ్బు ఉన్నవారు దీనిని సొంతంగా మొదలుపెట్టకూడదు, నిద్ర తగ్గితే జబ్బు తిరగబెడుతుంది. ఆటో, లారీ నడిపేవారికి ప్రమాదం. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు వైద్యుడు చూస్తుండగానే చేయించాలి. ఆప్ ఈ హెచ్చరికలు చిన్న అక్షరాలలో రాస్తుంది, పిల్లలు చదవరు.

రెండవ పద్ధతి పక్క గురించి. పక్క నిద్రకే. దాని మీద చదవకూడదు, తినకూడదు, ఫోను చూడకూడదు. ఇరవై నిమిషాల పాటు నిద్ర పట్టలేదనిపిస్తే లేచి వెళ్లి, నిద్ర ముంచుకొచ్చినప్పుడే తిరిగి రావాలి. ఇది విడి పడకగదులున్న ఇళ్ల కోసం రాసిన మాట. మన ఇళ్లలో రెండు గదులు, ఒక మంచం. ఆ మంచమే చదువు బల్ల, అతిథి కుర్చీ, దాదీ నమాజు తరువాత తస్బీహు తిప్పే చోటు. ఆప్‌లో ఇది చూసి మన పిల్ల నవ్వుకుంటుంది. కానీ ఒకటి గుర్తు చేసుకోండి. మన పెద్దల ఇళ్లలో రాత్రి చాప, బొంత పరిచేవారు, తెల్లవారగానే చుట్టి మూల పెట్టేవారు. పక్క కనిపించడమంటేనే పడుకునే వేళ అని ఒంటికి తెలిసేది. బూట్జిన్ చెప్పింది సరిగ్గా ఇదే. మంచం అందరిదీ అయిన ఇంట్లో ఆ పిల్లకు విడిగా ఒక చాప, దిండు ఇవ్వండి. రాత్రి పరుచుకుంటుంది, పొద్దున చుడుతుంది. ఖర్చు లేదు.

లేచే వేళ మారకూడదన్నది ఈ చికిత్సకు ప్రాణం అన్నాము కదా, ఫజ్ర్ మనకు ఆ వేళను ఇచ్చింది. ఋతువును బట్టి అది గంటకు పైగా అటూ ఇటూ జరిగినా రోజు రోజుకీ తేడా ఒకటి రెండు నిమిషాలే. చెడగొట్టేది ఫజ్ర్ కాదు, ఫజ్ర్ చదివి మళ్లీ పడుకుని పదింటికి లేవడం. రమజానులో సహెరీ దాకా మేలుకుని, తరువాత మధ్యాహ్నం వరకూ పడుకునే అలవాటు ఈద్ తరువాత కూడా వదలని యువకులు ప్రతి ముహల్లాలో ఉన్నారు. ఇక ఖైలూలా, అంటే మధ్యాహ్నపు చిన్న కునుకు, సున్నతు కదా అని అడుగుతారు. ఆరోగ్యవంతుడికి మంచిదే. రాత్రి నిద్ర పట్టనివాడు చికిత్స సాగే కొన్ని వారాలు దానిని ఆపుకుంటే అది వైద్యం, సున్నతును కాదన్నట్టు కాదు. ఇషా తరువాత కబుర్లను దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదని మనమంతా పిల్లలకు చెబుతాము. చెప్పిన తరువాత పెద్దలం టీవీ ముందు పన్నెండు వరకూ కూర్చుంటాము.

ఇక కంపెనీల సంగతి. నిద్రలేమికి ఫోను చికిత్సగా 2020లో అమెరికా ప్రభుత్వ అనుమతి పొందిన సోమ్రిస్ట్‌ను అమ్మిన పియర్ థెరప్యూటిక్స్ 2023 ఏప్రిల్‌లో దివాలా తీసింది. దిగులు పడేవారితో మాట్లాడే వోబాట్ అనే ఆప్ 2025 జూన్ 30న మూతపడింది. ఫోను ద్వారా సలహాలిచ్చే బెటర్‌హెల్ప్ తన దగ్గర మనసు విప్పుకున్నవారి సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్ వంటి సంస్థలకు అందించిందని అమెరికా వాణిజ్య కమిషన్ తేల్చింది. 2023లో 78 లక్షల డాలర్లు చెల్లించేందుకు ఆ సంస్థ ఒప్పుకుంది. మన పిల్ల అర్ధరాత్రి తన భయాన్ని ఒక యంత్రానికి రాసుకుంటే ఆ రాత ఎవరి ఇంటికి వెళుతుందో ఆలోచించాలి. ఇప్పుడు ఏది అడిగినా తీయగా జవాబిచ్చే కృత్రిమ మేధ కూడా వచ్చింది. ఒంటరి పిల్లకు అది తోడుగా కనిపిస్తుంది. ఆమె ముఖం చిక్కిపోయిందని అది గమనించలేదు. అమ్మమ్మ గమనిస్తుంది.

పరీక్షలకు నిలబడ్డ పేరున్న కార్యక్రమాలు ఇంగ్లీషులో నడుస్తాయి. పిల్ల చదువు ఇంగ్లీషులో, దిగులు మాత్రం తెలుగులో, ఏడుపు ఉర్దూలో. పైగా ఇంటర్నెట్ మన చేతిలో ఉండేది కాదు. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగిన తరువాత కోనసీమలో రోజుల తరబడి మొబైలు ఇంటర్నెట్ ఆపివేశారు. ఇంటి నుంచి పనిచేసే కంప్యూటరు ఉద్యోగులు సిగ్నలు కోసం గోదావరి ఒడ్డుకు వెళ్లి కూర్చున్నారు. అలాంటి రోజులలోనే మనసుకు ఆసరా ఎక్కువగా కావాలి.

అందుకే మేము ఆప్‌ల పేర్లు చెప్పము, ఒక నంబరు చెబుతాము. 14416. టెలిమానస్ అంటారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించింది, బెంగళూరులోని నిమ్హాన్స్ దానికి పెద్దదిక్కు. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు, ఇంటర్నెట్ అక్కరలేదు, పాత బటన్ల ఫోనైనా చాలు, తెలుగులో మాట్లాడవచ్చు. మొదట శిక్షణ పొందిన సలహాదారు మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు, దగ్గరలోని ఆసుపత్రికి పంపుతారు. దేశం మొత్తం మీద 2025 నాటికే 20 లక్షలకు పైగా ఫోన్లు అందుకుంది. ఒకప్పుడు మానసిక వైద్యమంటే దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరంలోని విశాఖ ఆసుపత్రే అనుకునేవారు, దానికి పెట్టిన పేరు పలకడం కూడా మాకు ఇష్టం లేదు. ఇప్పుడు కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనే మానసిక వైద్య విభాగం ఉంది. దారి దగ్గరయింది, మనమే ఇంకా దూరంగా ఉన్నాము. దేశంలో మానసిక రుగ్మతలున్న వారిలో, రుగ్మతను బట్టి, నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదని 2015-16 జాతీయ సర్వేలో నిమ్హాన్స్ తేల్చింది.

ఈ నంబరు గురించి సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 2023 జూలైలో విశాఖపట్నంలో వైద్య ప్రవేశ పరీక్షకు శిక్షణ తీసుకుంటున్న పదిహేడేళ్ల హాస్టలు విద్యార్థిని మరణించింది. ఆమె తండ్రి న్యాయం కోసం వేసిన కేసులో 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా తీర్పు చెబుతూ విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చారు. వంద మంది, అంతకు పైగా విద్యార్థులున్న చోట అర్హత గల సలహాదారు ఒకరైనా ఉండాలి. మార్కులను బట్టి పిల్లల్ని వేరు బ్యాచులుగా విడదీసి అవమానించరాదు. టెలిమానస్ వంటి సహాయ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదులలో పెద్ద అక్షరాలతో కనిపించాలి. చట్టం వచ్చేదాకా ఇవి అమలులో ఉంటాయని కోర్టు చెప్పింది. జాతీయ నేర గణాంకాల ప్రకారం దేశంలో 2022 ఒక్క ఏడాదిలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఫీజు కట్టడానికి హాస్టలుకు వెళ్లే తండ్రి ఆ నంబరు గోడ మీద ఉందా, సలహాదారు ఉన్నారా అని ఒక్క మాట అడగవచ్చు. మెస్సులో కూర బాగుందా అని అడుగుతాము కదా!

ఈ మార్గదర్శకాలు ఏ బోర్డుకు చెందిన సంస్థకైనా వర్తిస్తాయి. మన మదర్సాల వసతి గృహాలకు మినహాయింపు అని ఎక్కడా లేదు. తొమ్మిదేళ్ల వయసులో ఇల్లు వదిలి వచ్చిన పిల్లవాడు హిఫ్జ్ తరగతిలో రాత్రి ఏడ్చి పొద్దున పాఠం తప్పితే వాడికి బెత్తం ముందు, ప్రశ్న తరువాత. మేము చదివిన రోజుల్లోనూ ఇంతే. ఆ రోజుల్లో ఇంతే కదా అని ఇప్పుడూ సాగించనక్కరలేదు.

నిద్ర పట్టకపోతే జిన్ను పట్టిందని ఆమిల్ దగ్గరకు తీసుకువెళ్లేవారు ఇంకా ఉన్నారు. దువా చదవడానికి మేము అడ్డు చెప్పము, మేమూ చదువుతాము. తాయెత్తుకు వేలు గుంజుతూ, డాక్టరు దగ్గరకు వెళితే అసరు పోతుందని బెదిరించేవాణ్ణి మాత్రం గుమ్మం దాటనివ్వకండి. మన పూర్వ విద్వాంసులు ఇలా ఆలోచించలేదు. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరారోగ్యం గురించీ మనసు ఆరోగ్యం గురించీ ఒకే గ్రంథంలో రాశారు. కోపాన్నీ, భయాన్నీ, దుఃఖాన్నీ, వస్వాసునూ విడివిడిగా పరిశీలించారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియని దుఃఖం వేరు అన్నారు. ఒంటికి హఠాత్తుగా జబ్బు చేస్తే పనికివస్తాయని ఇంట్లో మందులు దాచుకున్నట్టు, మనసు ఆరోగ్యంగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను సిద్ధం చేసి దాచుకోవాలన్నది ఆయన సలహా. వెయ్యేళ్ల తరువాత కాగ్నిటివ్ థెరపీ అని మనం డౌన్‌లోడు చేసుకుంటున్న దానికి ఇది చాలా దగ్గర.

అసలు అడ్డంకి సంబంధాలు. పిల్ల మానసిక వైద్యుణ్ణి కలిసిందంటే రిష్తా రాదు అనే భయం. ఈ భయానికి జవాబుగానే కొందరు ఫోను చికిత్సను మెచ్చుకుంటారు, ఎవరికీ తెలియకుండా అయిపోతుందని. కానీ మన ఇళ్లలో అమ్మాయిలకు సొంత ఫోను ఎక్కడుంది? అన్న ఫోనో, మామూ ఫోనో. రాత్రి రాసుకున్న నిద్ర లెక్కను పొద్దున అన్న చదువుతాడు. చదివి నవ్వుతాడు, లేదా అమ్మీకి చెబుతాడు. ఆ పిల్ల మరుసటి రోజు నుంచి రాయదు. కాబట్టి నిద్ర లెక్కకు నాలుగు రూపాయల నోటు పుస్తకం ఫోను కంటే మంచిది. 14416కు మాట్లాడదలచుకుంటే ఫోను చేతికిచ్చి, తలుపు చేరవేసి, ఇరవై నిమిషాలు ఎవరూ లోపలికి వెళ్లకుండా తల్లి గుమ్మంలో కూర్చోవాలి. ఏం మాట్లాడావని అడగకూడదు. కువైట్‌లో ఉన్న తల్లి అయితే తన ఫోను వేళను శుక్రవారం సెలవు పగటికి మార్చుకోగలదేమో యజమానురాలిని అడిగి చూడాలి. అక్కడ మధ్యాహ్నం రెండంటే ఇక్కడ నాలుగున్నర, అస్ర్ వేళ, పిల్ల హాయిగా మాట్లాడి రాత్రి పడుకుంటుంది.

మస్జిదు కమిటీల వారికి ఒక మనవి. గోడ మీద నమాజు వేళల పలక ఉంటుంది, జనాజా నోటీసు ఉంటుంది, చందాల జాబితా ఉంటుంది. ఆ పలక కింద ఖాళీ స్థలంలో తెలుగులోనూ ఉర్దూలోనూ ఈ నంబరు రాయించండి. వచ్చే జుమాకు పెయింటరు రాలేకపోతే చాక్‌పీసు చాలు.